ట్రెడ్‌మిల్ దిగిన తర్వాత

పొద్దున ఏడున్నరకి ల్యాబ్ తలుపు తీసి, బ్యాగు కింద పెట్టకముందే కృష్ణకుమారి చేసే పని ఒకటుండేది. మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద సిరంజిని ఊదే మెషీన్‌కి తగిలించి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మధ్యస్తంగా, ఒకసారి బలంగా తోసేది. మూడుసార్లూ మెషీన్ మూడు లీటర్లే చూపించాలి. చూపించకపోతే ఆ రోజు మొదటి పేషెంట్ ఎవరైనా సరే, బయట కూర్చోవాల్సిందే. "మెషీన్ అబద్ధమాడితే డాక్టర్ కూడా అబద్ధమే ఆడతాడు, పాపం తెలియక" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది.

ఆమె అమెరికాలోని ఫ్రీమాంట్ వచ్చింది 2001లో, పెళ్ళయిన నాలుగు నెలలకి. భర్త చక్రధర్ చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. డిపెండెంట్ వీసా మీద ఆరేళ్ళు ఇంట్లోనే గడిపింది. నరసరావుపేటలో చదివిన బీఎస్సీ, సూట్‌కేసు అడుగున సర్టిఫికెట్‌గా ఉండిపోయింది. 2007లో గ్రీన్ కార్డ్ చేతికొచ్చినప్పుడు చక్రధర్, "ఏం కోర్సు చేస్తావు? అందరూ టెస్టింగ్ నేర్చుకుంటున్నారు, మూడు నెలల్లో జాబ్" అన్నాడు.

"నేనూ టెస్టింగే చేస్తాను. సాఫ్ట్‌వేర్ని కాదు, మనుషుల్ని" అంది.

కమ్యూనిటీ కాలేజీలో, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని, రెస్పిరేటరీ థెరపీ చదివింది. పుస్తకం కంటే చేతిని ఎక్కువ నమ్మేది. రెండేళ్ళు ఉద్యోగం చేశాక, కళ్ళు మూసుకుని కూడా ఊపిరి చప్పుడు విని చెప్పగలిగేది: వీళ్ళు చివరిదాకా ఊదారు, వీళ్ళు మధ్యలో ఆపేసి నటిస్తున్నారు అని. పిల్లల దగ్గరికి నాలుగు నెలలుండి పోదామని వచ్చిన మన పెద్దవాళ్ళకి ఆయాసం వస్తే ఆమె దగ్గరికే పంపేవారు. "ఊదండి, ఊదండి, ఇంకా ఉంది లోపల, దాచుకోకండి, ఊదండి" అని గదంతా మోగేలా అరిచేది. ఒక పెద్దావిడ నోట్లోంచి గొట్టం తీసి, "కట్టెల పొయ్యి దగ్గర కూడా ఇంత ఊదలేదే తల్లీ" అంది. అప్పట్నుంచి గుడి దగ్గరా, సరుకుల కొట్టులోనూ ఆమె పేరు ఊదుడమ్మ.

ఆ పేరుకి ఆమె నొచ్చుకోలేదు. చేసే పనిని బట్టి వచ్చిన పేరు కదా.

2013 అక్టోబర్ మొదట్లో ఒక శనివారం పది గంటలకి వీరాంజనేయులు తన కూతురు నిధిని తీసుకొచ్చాడు. ఆయనది నెట్‌వర్క్ పరికరాల కంపెనీలో పని. నలభై ఏడేళ్ళుంటాయి. నిధికి పదహారు. హైస్కూల్ క్రాస్ కంట్రీ జట్టులో పరిగెత్తుతుంది: మూడు మైళ్ళు, గడ్డి మీద, మట్టి మీద, గుట్టలెక్కి దిగుతూ. ఆ సీజన్లో పరుగు అయ్యాక దగ్గు తెరలు తెరలుగా వస్తోందని పిల్లల డాక్టర్ ఇన్హేలర్ రాసిచ్చి, ఆస్తమా అవునో కాదో తేల్చుకోడానికి ట్రెడ్‌మిల్ పరీక్షకి పంపింది.

ఈ పరీక్షలో కిటుకంతా దిగిన తర్వాతే. ముక్కుకి క్లిప్ పెట్టి, నోటితోనే గాలి పీల్చేలా చేసి, ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు గట్టిగా పరిగెత్తిస్తారు. గబగబా లాగే పొడిగాలి ఊపిరి గొట్టాల లోపలి తడిని పీల్చుకుపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ తడి ఆరేసరికి గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. అది పరిగెత్తేటప్పుడు పెద్దగా తెలియదు. ఆగాక, నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, అందరూ అయిపోయిందనుకున్నాక, అయిదు పది నిమిషాలకి తెలుస్తుంది. అందుకే దిగిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత అయిదు, పది, పదిహేను నిమిషాలకి మళ్ళీ మళ్ళీ ఊదించి, మొదటి అంకె నుంచి ఎంత పడిపోయిందో చూస్తారు. నూటికి పది దాటి పడిపోతే డాక్టర్ ఆలోచనలో పడతాడు.

పరీక్షకి ముందు అడగాల్సిన ప్రశ్నలు పదకొండు. కాగితం మీద ఒక్కొక్కటి అడిగి, అవును కాదు గళ్ళలో టిక్ పెట్టి, కింద సంతకం చెయ్యాలి.

"ఇన్హేలర్ ఎప్పుడు వాడారు?"

"అసలు వాడలేదు మేడమ్. ఒకసారి అలవాటైతే జీవితాంతం వదలదంటారు కదా" అన్నాడు వీరాంజనేయులు.

"అలవాటయ్యే మందు కాదండీ అది. సరే. జలుబు ఉందా? పొద్దున కాఫీ, చాక్లెట్?"

"ఇడ్లీ తిన్నాను ఆంటీ. రెండు" అంది నిధి. "నాన్న నాలుగు తినమన్నారు. పరిగెత్తాలి కదా, కడుపులో ఇడ్లీ జంప్ చేస్తాయి అన్నాను."

కృష్ణకుమారి నవ్వింది. వీరాంజనేయులు ఆ నవ్వు చూసి, "మీ మాట మా వైపులా ఉందే. ఎక్కడమ్మా మీది?" అన్నాడు.

"నరసరావుపేట."

"అదీ సంగతి! మాది వినుకొండ. ఒకే రోడ్డు. మీ ఊరు రాందే నాకు బస్సులో నిద్ర పట్టేది కాదు, మీ ఊరొచ్చాక కండక్టర్ పడుకోనిచ్చేవాడు కాదు. ఏ కాలేజీ చెల్లెమ్మా నువ్వు?"

మేడమ్ చెల్లెమ్మ అయింది. కాలేజీ పేరు చెప్పింది. ఆయన మేనత్త కొడుకు అక్కడే చదివాడట. కెమిస్ట్రీ లెక్చరర్ గారి స్కూటర్ గురించి ఇద్దరికీ ఒకే కథ తెలుసు. ఆ కథ నడుస్తూ ఉండగా ఆమె పెన్ను పదో ప్రశ్న దగ్గరికొచ్చింది. ఈ రోజు పరీక్షకి ముందు పరుగు, ఆట లాంటివి ఏమైనా చేశారా? శనివారం పొద్దున, ఇంట్లోంచి తిన్నగా వచ్చినవాళ్ళు, ఏం చేసి ఉంటారు? కాదు అన్న గడిలో టిక్ పెట్టింది. సంతకం చేసింది. "రా తల్లీ, ముక్కు మూస్తాను" అంది.

నిధి అందంగా పరిగెత్తింది. దిగిన తర్వాత ప్రతిసారీ శుభ్రంగా, చివరిదాకా ఊదింది. మొదట 3.1 లీటర్లు, అయిదు నిమిషాలకి 3.05, పది నిమిషాలకి 2.95, పదిహేనుకి మళ్ళీ మూడు. నూటికి అయిదు కూడా పడలేదు. క్లినిక్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ ఓల్సన్ చూసి, నార్మల్, ఆస్తమా ఆనవాలేమీ లేదు, ఇన్హేలర్ అక్కర్లేదు అని రాశాడు. వీరాంజనేయులు ల్యాబ్ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాడు. "పాసైపోయింది చెల్లెమ్మా!"

మూడు వారాల తర్వాత ఒక పోటీ అయిపోయాక నిధి గడ్డి మీద కూర్చుండిపోయింది. ఊపిరి అందక పెదాలు నీలం తిరిగాయి. అంబులెన్స్‌లో మందు పొగ పట్టించాక తేరుకుంది. ఎమర్జెన్సీ డాక్టరు పాత రిపోర్టు తెరిచాడు. ఆస్తమా లేదని అందులో ఉంది. కాబట్టి ఇది కంగారు వల్ల వచ్చి ఉంటుందని, కౌన్సెలర్‌ని కలవమని రాసి పంపాడు. ఆ గురువారం తండ్రీ కూతుళ్ళు ఓల్సన్ దగ్గరికి మళ్ళీ వచ్చారు. ఆయనా అదే మాట అన్నాడు.

బయటికొచ్చాక వీరాంజనేయులు కారిడార్‌లో కృష్ణకుమారిని పట్టుకున్నాడు. నిధి కాస్త దూరంలో ఫోన్ చూసుకుంటోంది.

"మనసులోనే ఉందట చెల్లెమ్మా. నాకు ముందే అనుమానం. ఆ రోజు మీ దగ్గరికి రాకముందు లేక్ ఎలిజబెత్ దగ్గర ప్రాక్టీస్ చేయించా. పావుగంట ఫుల్ స్పీడ్. మోడల్ టెస్ట్ రాయకుండా అసలు పరీక్షకి పోతే ఎట్లా? అప్పుడు దగ్గింది. బాగా దగ్గింది. కార్లో గంట కూర్చోబెట్టా, తగ్గిపోయింది. తర్వాత నీ మెషీన్ మీద ఒక్క దగ్గు లేదు. అంటే నిజంగా జబ్బుంటే రెండోసారీ రావాలి కదా?"

కృష్ణకుమారికి చేతిలోని ఫైలు బరువు తెలియలేదు.

కాలేజీలో రెండు పేజీల్లో చదివిన సంగతి అది. ఒకసారి బిగుసుకుని వదిలిన గొట్టాలు, సగం మందిలో, ఒకటి రెండు గంటల దాకా మళ్ళీ బిగుసుకోవు. ఎంత పరిగెత్తించినా పలకవు. పదో ప్రశ్న ఉన్నది అందుకే. ఆ పిల్ల జబ్బు పొద్దునే, చెరువు పక్కన, పరీక్ష రాసేసి వచ్చింది. మెషీన్ దగ్గరికి వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

"అన్నయ్యా," అంది. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు. "ఈ శనివారం పరిగెత్తించకండి."

"సెక్షన్ పోటీలమ్మా, గెలిస్తే స్టేట్‌కే! పదకొండో క్లాసు, జూనియర్ ఇయర్. కాలేజీల కోచ్‌లు చూసేది ఇప్పుడే."

"కనీసం ఇన్హేలర్ దగ్గర పెట్టుకోండి."

"డాక్టర్ గారే అక్కర్లేదన్నారు. ఇద్దరు డాక్టర్లు. ఎందుకంటావు?"

ఎందుకో చెప్పాలంటే ఆ టిక్ దగ్గర మొదలుపెట్టాలి. ఆమె నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. "ఊరికే, జాగ్రత్తకి" అంది.

"నాన్నా, వెళ్దామా? నాకు కాల్క్యులస్ క్విజ్ ఉంది" అంది నిధి, వచ్చి తండ్రి చెయ్యి లాగుతూ. "బై ఆంటీ. నెక్స్ట్ టైమ్ ట్రెడ్‌మిల్‌కి మ్యూజిక్ పెట్టండి, అది చాలా బోరింగ్."

వాళ్ళు వెళ్ళాక కృష్ణకుమారి ఓల్సన్ గది తలుపు తట్టింది. ఆ అమ్మాయికి పరీక్ష మళ్ళీ చేస్తే మంచిదేమో అంది.

"ఎందుకు?" అన్నాడాయన. కంప్యూటర్‌లో గీతలు తెరిచి చూపించాడు. "ఇలాంటి పరీక్ష ఈ ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేరు, కుమారీ. నీ చేతి పనిని అనుమానించమంటావా?"

ఆమె గీతల వంక చూసింది. నిజమే, ఒక్క వంకర లేదు. ఇంతకాలం ఏ పనితనం చూసుకుని గర్వపడిందో అదే ఇప్పుడు తలుపుకి గడియ వేసినట్టు అడ్డంగా నిలబడింది. "సరే" అని వచ్చేసింది.

ఇంటికొచ్చి చక్రధర్‌కి చెప్పింది. అతను భోజనం పళ్ళెం పక్కకి జరిపాడు.

"అడగకుండా టిక్ పెట్టావు. సంతకం చేశావు. చెప్తే లైసెన్స్ ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"మరి ఇప్పుడేం చేస్తానంటావు?"

"ఓల్సన్‌కి చెప్పాలి."

"చెప్పు. వద్దనను. కానీ ఈ కంగారులో వద్దు. వీకెండ్ ఆలోచించుకుని, ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, సోమవారం చెప్పు. మూడు రోజుల్లో ఏం మునిగిపోతుంది?"

ఆమెకి ఆ మాట తీయగా వినిపించింది. శుక్రవారం ల్యాబ్‌కి వెళ్ళి ఎనిమిది పరీక్షలు చేసింది. ఎనిమిది మందికీ పదకొండు ప్రశ్నలూ పైకి చదివి, జవాబు విన్నాకే టిక్ పెట్టింది. పెట్టిన ప్రతిసారీ మధ్యాహ్నం చెబుదామనుకుంది. మధ్యాహ్నం సాయంత్రమైంది.

శనివారం పొద్దున చలి ఎక్కువగా ఉంది. గాలిలో తేమ లేదు. నిధికి రెండు రోజులుగా జలుబు. అయినా తన బెస్ట్ టైమ్ కంటే పదకొండు సెకన్లు తక్కువలో పరుగు ముగించింది. వీరాంజనేయులు ఫినిష్ లైన్ దగ్గర ఫోటో తీసి, అది వాట్సాప్‌లో భార్య భానుశ్రీకి పంపించి, ఫలితాల బోర్డు దగ్గరికి నడిచాడు. నిధి జట్టు టెంట్‌లో బూట్లు విప్పుకుంది. స్నేహితురాలితో నవ్వుతూ మాట్లాడింది. తొమ్మిది నిమిషాలు గడిచాయి. తర్వాత దగ్గు మొదలైంది, తర్వాత దగ్గడానికి కూడా గాలి లేకపోయింది. పక్కనున్న పిల్లలు ఇది కంగారే అనుకున్నారు, డాక్టర్లు అలా అన్నారని అప్పటికి అందరికీ తెలుసు. ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని, "నెమ్మదిగా పీల్చు, నీకేం కాలేదు" అంటూనే ఉంది. ఇన్హేలర్ ఇంట్లో బాత్రూమ్ అరలో ఉంది. అంబులెన్స్ పార్కు గేటు దాటి గడ్డి మీదుగా వచ్చేసరికి ఆ పిల్ల గుండె ఆగిపోయింది. మళ్ళీ కొట్టించారు.

నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. అయిదో రోజు కళ్ళు తెరిచింది. బతికింది. మెదడుకి గాలి అందని ఆ కొద్ది నిమిషాలు మాత్రం వెనక్కి రాలేదు. కుడి చెయ్యి వణుకుతుంది. తెలిసిన వస్తువు పేరు నాలుక చివర ఆగిపోతుంది, అది దొరికేదాకా కళ్ళు నేల మీద వెతుకుతాయి.

నిధి పడిపోయిన కబురు మర్నాడే, ఆదివారం, గుడి దగ్గర తెలిసింది కృష్ణకుమారికి. ప్రసాదం చేతిలో ఉండగానే. సోమవారం ఏడున్నరకి ల్యాబ్‌లోకి వెళ్ళలేదు, ఓల్సన్ గది ముందు నిలబడింది. మొత్తం చెప్పింది. ఆయన లేచి తలుపు వేశాడు.

"అడగలేదా? లేక అడిగినట్టు గుర్తు లేదా?" అన్నాడు నిదానంగా.

గుర్తు లేదు అంటే సరిపోయేది. ఆయన ఆ మాటని కావాలనే ఆమె ముందు పెట్టాడు. రోజుకి ఎనిమిది మంది, ఏడాదికి రెండు వేల మంది. ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

"అడగలేదు," అంది. "వాళ్ళ ఊరి కబుర్లు చెప్పుకుంటూ టిక్ పెట్టాను. గురువారమే నాకు తెలిసింది. మీ గదికి వచ్చాను, చెప్పకుండా వెళ్ళిపోయాను."

రిపోర్టు అదే రోజు రద్దయింది. ఆసుపత్రికి ఫోన్ వెళ్ళింది, నిధి మందులు మారాయి. కృష్ణకుమారిని ల్యాబ్‌లోంచి తప్పించారు. లైసెన్స్ బోర్డు నుంచి విచారణ ఉత్తరం వచ్చింది. క్లినిక్ లాయర్ ఆమెను కూర్చోబెట్టి ఒకే మాట మూడు రకాలుగా చెప్పాడు: ఆ కుటుంబంతో మాట్లాడకూడదు, ఫోన్ ఎత్తకూడదు, ఎదురుపడితే పక్కకి తప్పుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం వీరాంజనేయులే ఆమె అపార్ట్‌మెంట్ బెల్ కొట్టాడు. గడ్డం పెరిగి ఉంది. చేతిలో క్లినిక్ పంపిన ఉత్తరం.

చక్రధర్ తలుపు దగ్గరే అడ్డుగా నిలబడ్డాడు. "సారీ అండీ. మేం మాట్లాడకూడదు. లాయర్..."

"నేను తిట్టడానికి రాలేదు," అన్నాడు వీరాంజనేయులు. "ఈ ఒక్క లైను అర్థం కాలేదు. అది చెప్తే వెళ్ళిపోతా. పరీక్షకు ముందరి సన్నద్ధత ధ్రువీకరించబడలేదు అని రాశారు. అంటే ఏంటి? ఏ సన్నద్ధత?"

"లోపలికి రానివ్వు" అంది కృష్ణకుమారి.

"కుమారీ, ఆలోచించు."

"ఒకసారి ఆలోచించాం కదా, మూడు రోజులు."

చక్రధర్ పక్కకి జరిగాడు.

ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పినట్టు, ఒక్కొక్క మెట్టూ చెప్పింది. తడి ఆరడం, కండరం బిగియడం, ఆగాక ముదరడం. ఒకసారి బిగిసి వదిలాక, గంటా రెండు గంటలు మళ్ళీ బిగియకపోవడం. ఆయన తలూపుతూ విన్నాడు, ఇంజనీరు కదా, మెట్లు ఆయనకి అర్థమవుతున్నాయి. చివరి మెట్టు ఆమె ఎక్కకముందే ఆయన ఎక్కేశాడు. తలూపడం ఆగిపోయింది.

"అంటే లేక్ దగ్గర నేను..."

"నేను అడగాల్సిన ప్రశ్న అది. పదోది. అడగలేదు. మీరు దాచలేదు."

"అడిగి ఉంటే గర్వంగా చెప్పేవాణ్ణి," అన్నాడు. "పావుగంట, ఫుల్ స్పీడ్ అని. నువ్వు ఆగమన్నా ఆగేవాణ్ణి కాదు, టైమ్ కూడా చెప్పేవాణ్ణి."

ఆయన చేతిలోని ఉత్తరం తెరిచి, ఆ లైను మళ్ళీ చదివాడు.

"గురువారం నాకు చెప్పుండొచ్చు కదమ్మా. కారిడార్లో. నువ్వు నోరు తెరిచావు. చూశాను నేను."

"అవును" అంది.

ఆయన ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "భానుశ్రీకి ఇది తెలీదు. ఆ పొద్దున ప్రాక్టీస్ సంగతే తెలీదు తనకి. జలుబు చేసిన పిల్లని ఎందుకు పంపామా అని రోజూ తననే తిట్టుకుంటోంది. నేను చెప్పాలని మొదలుపెడితే నోరు రాదు. నువ్వొచ్చి చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టే. ఏదీ వదలకుండా."

చక్రధర్ ఏదో అనబోయాడు. కృష్ణకుమారి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఇద్దరూ ఆయన కారులో వెళ్ళారు. ఇంట్లో భానుశ్రీ సోఫా చివర కూర్చుని, ఒళ్ళో బట్టలు మడతపెడుతూ విన్నది. కృష్ణకుమారి టిక్ గురించి చెప్పింది, గురువారం గురించి చెప్పింది, ఏదీ వదల్లేదు. చెరువు దగ్గర పరుగు వచ్చినప్పుడు భానుశ్రీ మడత ఆపి భర్త వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. లోపలి గదిలో నిధి ఫిజియోథెరపీ అమ్మాయితో అంకెలు లెక్కపెడుతోంది. పధ్నాలుగు దగ్గర ఆగింది, చాలాసేపు వెతికింది, పధ్నాలుగే మళ్ళీ చెప్పింది.

అంతా విన్నాక భానుశ్రీ ఏడవలేదు. ఆ బట్టల కుప్ప పక్కన పెట్టింది.

"ఇద్దరూ బయటికెళ్ళండి," అంది. "దానికి ఇప్పుడు మందు టైము. మీరిద్దరూ ఎదురుగా ఉంటే నా చేతులు ఆడవు."

వెళ్ళారు. డ్రైవ్‌వేలో ఎండ పడుతోంది. ఎదురింటివాళ్ళ కుర్రాడు సైకిల్ మీద చేయి ఊపాడు, వీరాంజనేయులు కూడా అలవాటుగా ఊపాడు. కృష్ణకుమారి ఆయన కారులో వచ్చింది, మళ్ళీ ఆయనే దింపాలి. ఆయన తాళాలు చేతిలో పట్టుకుని, మూసిన తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తొందర చెయ్యలేదు.